లెక్క పుస్తకం మన చేతికి రావాలి: పదో తరగతి పాసైన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు



పది ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి గ్రూపులో ఒకటే ప్రశ్న. "అన్నా, ఏ గ్రూపు తీసుకోవాలి?", "అక్కా, ఎంపీసీ రాకపోతే ఏంటి పరిస్థితి?", "సీఈసీ ఇస్తామంటున్నారు, ఇల్లు కదలాలా వద్దా?" ఈ చివరి ప్రశ్న చూసినప్పుడల్లా మాకు మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే ఒకప్పుడు మేమూ అలాగే అడిగాం. అందుకే ఈ పోస్టు రాస్తున్నాం. కొంచెం పొడుగైంది. ఓపిగ్గా చదవండి, మీ ఇంట్లో వాళ్లకీ చదివి వినిపించండి.

మేము పదకొండు మందిమి. ఏజెన్సీలో ఒక గురుకుల కాలేజీలో ఒకే ఏడాది సీఈసీ చదివాం. అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. నిజం చెప్పాలంటే మాలో తొమ్మిది మంది కోరుకుని చేరలేదు. మార్కులు బాగా వచ్చినవాళ్లకి ఎంపీసీ, తర్వాతవాళ్లకి బైపీసీ ఇచ్చారు, మిగిలినవాళ్లని సీఈసీలో కూర్చోబెట్టారు. మొదటి రోజే ఒక సారు "మీరు పాసైతే చాలు" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, అందరూ అనుకునేదే అన్నారు. ఆ మాట మాత్రం రెండేళ్లు మా వెంటే తిరిగింది. పైగా మొదటి ఏడాది సగం వరకు కామర్స్‌కి లెక్చరరే లేరు. సివిక్స్ మేడమ్ పాఠ్యపుస్తకం చదివి నోట్సు చెప్పేవారు. డెబిట్ అంటే ఏంటో తెలియకుండానే దసరా సెలవులకి ఇళ్లకి వెళ్లాం.

సెలవుల తర్వాత ఒక గెస్టు లెక్చరర్ వచ్చారు. ఆయన మొదటి క్లాసులో పుస్తకం తెరవలేదు. "మీ ఇళ్లలో షావుకారు దగ్గర ఖాతా ఎవరికుంది?" అని అడిగారు. అందరం చేతులెత్తాం. "ఆ ఖాతా ఎవరు రాస్తారు?" అన్నారు. షావుకారే అన్నాం. "మీ దగ్గర దాని నకలు ఉందా?" ఎవరి దగ్గరా లేదు. "అయితే ఈ ఏడాది మనం చదివేది అదే" అన్నారు.

మా మాట మొత్తం ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది. కామర్స్ మనకి దూరపు చదువు కాదు. మన ఇంటి గుమ్మం దగ్గర రోజూ జరిగే పనిని వేరేవాళ్లు వాళ్ల పుస్తకంలో రాసుకుంటున్నారు. ఆ పుస్తకం చదవడం, మన పుస్తకం మనం రాసుకోవడం నేర్పేది ఈ చదువే.

మాలో ఒకామె ఇంట్లో జరిగింది చెబుతాం. వాళ్ల అమ్మకి చదువు రాదు. బాకీ తీసుకున్నప్పుడల్లా గుర్తు కోసం గోడ మీద బొగ్గుతో గీత పెట్టేది. సంక్రాంతి సెలవుల్లో ఈ అమ్మాయి షావుకారు కొట్టుకి వెళ్లి, ఖాతా ఒకసారి చూపించమని మర్యాదగానే అడిగి, నోట్సులో ఎక్కించుకుంది. ఇంటికొచ్చి క్లాసులో నేర్చుకున్నట్టే రెండు వైపులా వేసింది. ఒకవైపు తీసుకున్నవి, ఒకవైపు ఇచ్చినవి. కాఫీ అడ్వాన్సు ఐదు వేలు, బియ్యం, నూనె, తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడు ఆరు వందలు. ఆ ఆరు వందలు ఒకసారి తేదీతో, ఇంకోసారి "పాత బాకీ" అనే పేరుతో పడ్డాయి. ఇటువైపు చూస్తే, కాటా వేసిన ప్రతి బస్తాకి రెండు కిలోలు తరుగు తీసేశారు. బస్తా బరువు కిలో కూడా ఉండదు.

"అమ్మా, ఈ ఆరొందలు రెండుసార్లు పడ్డాయి."

"నాకూ అనుమానమే ఉండేది గాని, ఏటని అడుగుతాను? కాగితం ఆయన దగ్గరుంది కదా."

మరుసటి వారం సంతకి ఇద్దరూ కలిసి వెళ్లారు. గొడవ పడలేదు. రాసిన కాగితం ముందు పెట్టారు. షావుకారు కాసేపు చూసి, ఒక పద్దు కొట్టేశాడు. తరుగు మాత్రం తగ్గించలేదు. "అందరికీ అంతే" అన్నాడు. అదే మాకు రెండో పాఠం. పద్దు తప్పుని ఒక్క మనిషి సరిచేసుకోవచ్చు. తరుగు తగ్గాలంటే ఊరంతా ఒక్క మాట మీద ఉండాలి. ఆ రెండోదాని గురించి కామర్స్ పుస్తకంలో "సహకార సంఘాలు" అని ఒక పాఠం ఉంది. మేము దాన్ని పరీక్ష ప్రశ్నగా బట్టీ పట్టి వదిలేశాం. తర్వాత తెలిసింది, మనకి అన్నిటికన్నా అవసరమైన పాఠం అదేనని.

ఇదేదో మన కాలంలోనే మొదలైంది కాదు. 1879 రంప పితూరీ గురించి మనం కల్లు మీద పన్ను అని, మన్సబుదారు జులుం అని చదువుకుంటాం. అవి నిజమే. దానికి ఇంకో కారణం కూడా ఉంది. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్లతో అప్పు ఒప్పందాలు చేసుకుని, కింద కోర్టుల్లో దావాలు వేసి, ఇక్కడివాళ్లు హాజరు కాకుండానే డిక్రీలు తెచ్చుకుని పశువుల్నీ పంటనీ తోలుకుపోయారు. కోర్టుకి కాగితమే సాక్ష్యం, ఆ కాగితమేమో వ్యాపారి చేతిలో ఉంది. ఆఖరికి బ్రిటిష్ ప్రభుత్వమే 1917లో ఏజెన్సీ ప్రాంతాలకి వడ్డీ, భూబదిలీ చట్టం తేవాల్సి వచ్చింది. కొండ తెగలవారి అప్పు మీద ఏడాదికి నూటికి 24 రూపాయలకి మించి వడ్డీ ఒప్పుకోకూడదని, చక్రవడ్డీ చెల్లదని అందులో రాశారు.

ఇప్పుడు మీ ఊళ్లో వడ్డీ ఎంతో చూసుకోండి. "నూటికి ఐదు" అంటారు. వినడానికి చిన్నదే. అది నెలకి, అంటే ఏడాదికి 60. వందేళ్ల కిందటి చట్టమే 24 దగ్గర ఆపింది. ఐదుని పన్నెండుతో గుణించడం మూడో తరగతి లెక్క. కానీ ఆ లెక్కని అప్పు తీసుకునే చోట వేయాలని మనకి ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఇంకో ముఖ్యమైన సంగతి. మన భూమికి రక్షణ 1959 భూబదిలీ నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ. మనమందరం "1/70" అని నినాదాల్లో పలుకుతాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదని అది చెబుతుంది. బదిలీ ఎవరికి కావచ్చో కూడా అదే చెబుతుంది: గిరిజనులకి, లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు కూడా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవని చెబుతూనే, గిరిజనుల సహకార సంఘాలకి దారి తెరిచి ఉంచింది. అంటే మన నేల మీద వ్యాపారం చేసే హక్కుని చట్టం మన సంఘాల చేతికి ఇచ్చింది. సంఘం నడపాలంటే మినిట్స్ పుస్తకం రాయాలి, నగదు పుస్తకం రాయాలి, ఆస్తి అప్పుల పట్టీ వేయాలి, ఆడిట్‌కి నిలబడాలి. అవి రాసేవాళ్లు మనలో లేకపోతే సంఘం పేరు మనది, పెత్తనం ఇంకెవరిదో అవుతుంది.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది. వ్యాపారం నుంచి వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్లు, బడులు, ఆసుపత్రులు, రోడ్ల కోసం పక్కన పెట్టాలని కోర్టు చెప్పింది. సీఈసీ చదివిన పిల్లలు "నికర లాభం" అనే మాట దగ్గర ఆగుతారు. వర్తకపు ఖాతా, తర్వాత లాభనష్టాల ఖాతా వేస్తేనే నికర లాభం తేలుతుంది. ఖర్చులు ఎక్కువ చూపిస్తే, తరుగుదల ఎక్కువ రాస్తే నికర లాభం తగ్గుతుంది. సున్నాలో 20 శాతం సున్నాయే కదా. ఆ లెక్కలు తిరగేసి "ఈ ఖర్చు ఏంటి?" అని అడిగే మనిషి మన గ్రామసభలో ఉండాలి. లాయర్లు కావాలి, నిజమే. లాయరు పక్కన లెక్క తెలిసినవాళ్లు కూడా కావాలి.

"వ్యాపారం మన సంస్కృతి కాదు" అని కొందరు పెద్దలు అంటారు. మేము ఆ మాటని కొట్టిపారేయం. మనది పంచుకుని తినే బతుకు. కొత్త పంట దేవుడికి పెట్టి, ఊరందరం తిన్నాకే అమ్ముతాం. పక్కింటివాళ్లకి ఇచ్చిన కుంచెడు చోళ్లకి ఎవరం పద్దు రాయం, రాయకూడదు కూడా. కానీ సంతలో మనం పక్కింటివాళ్లతో బేరం చేయడం లేదు. అవతల మనిషి ప్రతి గ్రాముకీ పద్దు రాస్తున్నప్పుడు, మనం రాయకపోవడం సంస్కృతి అవదు, నష్టం అవుతుంది. కామర్స్ చదివితే మన పిల్లలే రేపు షావుకార్లవుతారేమో అన్న భయం కూడా ఉంది. ఆ భయం సరైనదే. అందుకే ఒకడి కొట్టు కంటే సంఘం లెక్క ముందు నేర్పాలి అంటున్నాం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. పాడేరు వైపు పిల్లలందరికీ తెలిసిన కాఫీయే తీసుకుందాం. ఇవి అసలు ధరలు కావు, లెక్క కోసం అనుకున్నవి. ఎకరా తోటలో 600 కిలోల పండు వచ్చింది. పండుగానే కిలో 50కి అమ్మితే 30,000 రూపాయలు. పల్పింగ్ చేసి, కడిగి, ఎండబెట్టి పార్చిమెంట్ చేస్తే సుమారు ఐదో వంతు, అంటే 120 కిలోలు వస్తుంది. కిలో 300కి అమ్మితే 36,000. "చూశావా, ఆరు వేలు లాభం, పండు అమ్మకండి" అని మీటింగుల్లో చెబుతారు.

ఇప్పుడు ఖర్చులు రాయండి. పల్పింగ్ మిషన్ అద్దె 1,000. సంచులు 300, ఆటో 500. ఇంట్లోవాళ్ల పని మొత్తం పన్నెండు రోజులు, రోజుకి 300 వేసుకుంటే 3,600. మొత్తం 5,400. ఆరు వేలల్లో మిగిలింది 600. ఎండే వరకు నెల ఆగాలి. పది వేల అప్పుకి నూటికి ఐదు చొప్పున నెల వడ్డీ 500. ఇక మిగిలింది వంద రూపాయలు.

అంటే పార్చిమెంట్ వద్దనా? కాదు. ఐదు ఇళ్లు కలిసి మిషన్ ఒకే రోజు తెచ్చుకుంటే అద్దె ఇంటికి 200. ఒకే ఆటోలో వేస్తే ఇంటికి 100. ఇంటికి 1,200 మిగులుతుంది, వంద కాస్తా 1,300 అవుతుంది. అప్పు అవసరం లేని ఇంటికి ఇంకో 500 కలుస్తుంది. ఇంట్లోవాళ్ల కూలి కూడా ఇంట్లోనే ఉంటుంది, కానీ దాన్ని లాభం అనుకోకూడదు, అది మన చెమట ఖరీదు. ఈ సంగతులన్నీ కాగితం మీద పెడితేనే కనబడతాయి. మా అమ్మానాన్నలకి తెలివి తక్కువై కాదు. ఏ చెట్టు ఏ నెలలో ఎంత కాస్తుందో మాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఆ తెలివి పక్కన ఒక నోట్సు ఉంటే చాలు.

మన ప్రాంతంలో ఈ చదువుకి ప్రయోగశాల కొదవ లేదు. ఎంపీసీవాళ్లకి ల్యాబు కట్టాలి, మనకి వారపు సంతే ల్యాబు. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, మనమందరం జీసీసీ అంటామే, అది చింతపండు, తేనె, కుంకుడు, కరక్కాయ కొంటుంది, డిపోల్లో సరుకులు అమ్ముతుంది. దాని కొనుగోలు ధరకీ బయట వ్యాపారి ధరకీ తేడా ఎందుకొస్తుంది? ఒక్కోసారి మనవాళ్లు తక్కువ ధరైనా వ్యాపారికే ఎందుకు ఇస్తారు? అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టా, డబ్బు చేతికి వెంటనే వస్తుంది కాబట్టా? ఇది పరీక్షలో రాని ప్రశ్న, మన ఇంటికి కావాల్సిన ప్రశ్న. 2018 నుంచి వన్‌ధన్ కేంద్రాలు వచ్చాయి. ఇరవై మంది చొప్పున పదిహేను సంఘాలు, మొత్తం మూడు వందల మంది సభ్యులు ఒక కేంద్రం. మీ అమ్మ ఆ మూడు వందల్లో ఉందా? ఉంటే ఆ కేంద్రం కిందటేడు ఎంత సరుకు కొంది, ఎంతకి అమ్మింది? సభ్యురాలిగా ఆమె అడగొచ్చు. అడగడానికి మీరు తోడు వెళ్లొచ్చు. తెలంగాణ వైపు తమ్ముళ్లు ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం దగ్గర తునికాకు కల్లాల్లో ఇదే పని చేయొచ్చు. కట్టకి యాభై ఆకులు. రోజుకి ఎన్ని కట్టలు కట్టారు, కల్లందారు పుస్తకంలో ఎన్ని పడ్డాయి, ఎన్ని తీసేశారు. అంతే, అదే మొదటి పాఠం.

ఇక ఉద్యోగం సంగతి. అబద్ధం చెప్పం. సీఈసీ తీసుకుంటే ఇంజనీరింగ్, మెడిసిన్ దారి మూసుకుపోతుంది. నీకు లెక్కలన్నా సైన్సన్నా నిజంగా ఇష్టముంటే అటే వెళ్లు. మనకి డాక్టర్లు కావాలి. డోలీ మోతలు ఇంకా ఆగలేదు. కానీ ఇష్టం లేకుండా, పక్కవాడు చేరాడని ఎంపీసీలో చేరి, రెండేళ్లకి నాలుగు సబ్జెక్టులు మిగుల్చుకుని ఇంటికొచ్చినవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో మీకే తెలుసు. లెక్కలు ఇష్టమై కామర్స్ కూడా కావాలంటే, దొరికిన చోట ఎంఈసీ ఉంది. సీఈసీ తర్వాత బీకాం, బీబీఏ ఉన్నాయి. ఇంటర్ అయ్యాక సీఏ ఫౌండేషన్ రాయొచ్చు. బీకాంలో 55 శాతం తెచ్చుకుంటే ఫౌండేషన్ లేకుండా నేరుగా తర్వాతి మెట్టుకి వెళ్లొచ్చు. కష్టమైన పరీక్షే, ఏళ్లు పడుతుంది. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ ఏ డిగ్రీతోనైనా రాయొచ్చు. మా పదకొండు మందిలో ఒకరు బ్యాంకులో ఉన్నారు, ఒకామె వన్‌ధన్ కేంద్రంలో లెక్కలు రాస్తోంది, ముగ్గురు బీకాం చేస్తున్నారు, ఒకడు సొంతూళ్లో కొట్టు పెట్టాడు, ఇద్దరు పోటీ పరీక్షలకి చదువుతున్నారు. ముగ్గురు చదువు ఆపేశారు. ఆ ముగ్గురిని కూడా లెక్కలో రాయాలి. మంచి పద్దులే రాస్తే అది లెక్క అవదు.

కాలేజీలు నడిపేవాళ్లని, అధికారుల్ని మేము అడిగేవి మూడే.

ఒకటి, సీఈసీ పెట్టిన ప్రతి ఏజెన్సీ కాలేజీకి జూన్‌లోనే కామర్స్ లెక్చరర్ ఉండాలి. మిగిలినవాళ్లని కుక్కే గ్రూపుగా దాన్ని చూడొద్దు. లెక్చరర్ లేకుండా సగం ఏడాది గడిచాక "మీవాళ్లకి చదువు అబ్బదు" అనొద్దు.

రెండు, ఇంటర్ దాకా ఆగొద్దు. సీబీఎస్ఈలో తొమ్మిది, పది తరగతులకే వ్యాపార మూలాంశాలు, పద్దుల రచన అనే ఐచ్ఛిక సబ్జెక్టులు ఉన్నాయి. మన ఆశ్రమ పాఠశాలల్లో ఎనిమిది నుంచి వారానికి ఒక్క పీరియడ్ చాలు. బిల్లు చదవడం, కాటా చూడడం, వడ్డీ కట్టడం, నగదు పుస్తకం రాయడం. పదితో చదువు ఆగిపోయే పిల్లలకి ఈ నాలుగూ చేతికందకుండా పోకూడదు.

మూడు, పాఠాల్లో ఉదాహరణలు మార్చండి. పుస్తకంలో ఎవరో వ్యాపారి ఫర్నిచర్ కొంటాడు, యంత్రం అమ్ముతాడు. అదీ ఉండనివ్వండి. దాని పక్కన అడ్డాకుల మోపు, కొండచీపుర్ల కట్ట, రాజ్‌మా బస్తా కూడా పెట్టండి. కువి, ఆదివాసీ ఒడియా, కోయ మాట్లాడే పిల్లలకి ఇంగ్లీషు పుస్తకంలో డెబిట్, క్రెడిట్ అంటే అర్థం కావు. పుచ్చుకున్నది ఒకవైపు, ఇచ్చింది ఒకవైపు అని వాళ్ల మాటలో ఒక్కసారి చెబితే ఇంకెప్పుడూ మర్చిపోరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఏ గ్రూపులో చేరినా సరే, ఈ వేసవిలో ఒక పని చేయండి. ఇరవై రూపాయల నోట్సు ఒకటి కొనండి. ఇంటికి వచ్చింది ఎడమ పేజీలో, పోయింది కుడి పేజీలో రాయండి. షావుకారు ఖాతా అడిగి నకలు రాసుకోండి. గొడవ పెట్టుకోవద్దు, అమ్మనో నాన్ననో తోడు తీసుకెళ్లండి. సంతలో కాటా వేసేటప్పుడు అంకె చూసి, అక్కడే రాయండి. కాలేజీ తెరిచే నాటికి మీ నోట్సులో ఏం తేలిందో ఇక్కడ గ్రూపులో పెట్టండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. డెబిట్ ఎటు, క్రెడిట్ ఎటు అని తడబడితే అడగండి, మేమున్నాం. మేమూ దసరా దాకా తెలియకుండానే కూర్చున్నవాళ్లమే.

సీఈసీ వచ్చిందని బాధపడుతున్న చెల్లికి ఒక్క మాట. నీకు మిగిలింది దొరికిందని అనుకోకు. మీ అమ్మ గోడ మీద గీసిన బొగ్గు గీతల్ని కాగితం మీదకి ఎక్కించే పని నీకు దొరికింది. ఇల్లు కదులు, వెళ్లి చేరు.

జోహార్లతో,
సీఈసీ చదివిన మీ అన్నలు, అక్కలు